ఒకదాని వెనక ఒకటి

పెన్ డ్రైవ్ గుచ్చగానే తెర మీద కనిపించకపోతే ఇప్పటి పిల్లలు ఎంత విసుక్కుంటారో చూస్తే నాకు నవ్వొస్తుంది. నడుస్తున్న కంప్యూటరులోకి మధ్యలో కొత్త వస్తువు వచ్చి చేరడం, కంప్యూటరు దాన్ని గుర్తుపట్టి పనిలో పెట్టుకోవడం, ఇదంతా దానంతటదే జరిగిపోతుందని మీ నమ్మకం. జరగదు నాయనా. లోపల ఎవరో కూర్చుని రాస్తేనే జరుగుతుంది. ఆ రాసినవాళ్లలో నేనూ ఒక మూలన ఉన్నాను. కాలేజీల వాళ్లు పిలిచి మైకు చేతికిస్తే గెలిచిన కథలే చెప్పి వస్తుంటాను. ఇది ఓడిపోయిన కథ. మైకులో చెప్పేది కాదు.

నేను పనిచేసింది హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో. రైస్ మిల్లుల్లో బియ్యంలోంచి నల్లగింజ, పచ్చగింజ, రాయి ఏరేసే మిషన్లకు మేం కంప్యూటర్లు చేసి ఇచ్చేవాళ్లం. పైనుంచి జారుతున్న బియ్యాన్ని కెమెరాలు చూస్తుంటాయి. చెడ్డ గింజ కనపడితే మిషన్ దాని మీదికి గాలి ఊది పక్కకు నెట్టేస్తుంది. ఆ కంప్యూటరు ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికంటే అడుగున ఉండి మిగతా అన్నిటికీ పని పంచే భాగాన్ని కెర్నల్ అంటారు. నాది ఆ కెర్నల్ పని. మిల్లులన్నీ మిర్యాలగూడలో ఉంటే నువ్వు హైదరాబాదులో కూర్చుని ఏం చేస్తావని కంపెనీ నన్ను ఇటు పంపింది. మాది మోతె దగ్గర ఊరే. పైగా నా భార్య పోయిన మరుసటి ఏడు అది, పిల్లలు కూడా లేరు. ఎక్కడ ఉన్నా ఒకటే అనిపించి సూర్యాపేటలో ఒక గది కిరాయికి తీసుకున్నాను.

మిల్లులో కెర్నల్ అన్న మాట కర్నల్ అయింది. నేను వెళితే గేటు దగ్గర మనిషి "కర్నల్ సారొచ్చిండు" అని లోపలికి కేకేసేవాడు. బస్తాలు మోసే హమాలీ ఒకాయన ఒకసారి నా పక్కన కూర్చుని బీడీ ఆర్పి, "సార్, మీరు ఏ బార్డర్ల జేసిండ్రు?" అని మర్యాదగా అడిగాడు. నేను సరిదిద్దలేదు. ఆ గౌరవం బాగానే ఉండేది, నిజం చెబితే పోతుందేమోనని భయం.

సొంతవాళ్లకైనా చెబుదామంటే మా అన్న గొర్రెలు పెంచుతాడు. నేను ఊరికి వెళ్లినప్పుడు, "అసలు నువ్ జేసే కొలువేందిరా?" అన్నాడు.

"నడిమిట్ల వచ్చినోళ్లను గుర్తువట్టుడు మిషన్‌కు నేర్పుతనే."

"మా గొర్లకు ఎవలు నేర్పిండ్రురా?" అన్నాడు అన్న. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ నా ఉద్యోగం గురించి అడగలేదు.

నా పని అర్థమైన మనిషి ఈ చుట్టుపక్కల ఒక్కడే ఉండేవాడు. కోదాడలో ఆయనకో చిన్న వర్క్‌షాపు. కెమెరాలను కంప్యూటరుకు కలిపే కార్డులన్నీ దాని లోపల పట్టవు కాబట్టి వాటిని పెట్టడానికి బయట ఒక ఇనుప పెట్టె కావాలి. ఆ పెట్టెను, దాని లోపలి బోర్డును, కేబులును ఆయనే సొంతంగా తయారుచేశాడు. మొదట్లో నన్ను "అండీ" అనేవాడు, నేను ఆయన్ని "సార్" అనేవాణ్ని. ఇద్దరిదీ ఒకటే ఈడు. ఎప్పుడు మొదలైందో గుర్తులేదు, ఒకరినొకరు "బావా" అనుకోవడం అలవాటైపోయింది. ఆయన మాటలో కృష్ణా జిల్లా వాసన, నా మాటలో మోతె వాసన. రోజూ పొద్దున స్టవ్వు మీద టీ పెట్టేసరికి ఆయన ఫోను వచ్చేది.

"ఏం బావా, లేచావా? ఇవాళేమన్నా కనబడిందా నీ కెర్నల్‌కి?"

"నిన్నటిదాంక కనవడ్డది గూడ ఇయ్యాల కనవడ్తలేదు బావా."

ఈ రెండు మాటలకే ఇద్దరం నవ్వుకునేవాళ్లం. తరచూ ఆ రోజుకంతా నేను మనిషితో మాట్లాడిన మాటలు అవే అయ్యేవి. హోటల్లో "ప్లేట్ ఇడ్లీ" అన్నదాన్ని లెక్క వేయకపోతే.

ఇప్పుడు కొంచెం సంగతి చెప్పాలి, ఓపిక పట్టండి. కంప్యూటరులో బ్రిడ్జి అని ఒక చిప్పు ఉంటుంది. దానికి ఇవతల కంప్యూటరు, అవతల కార్డులు. కంప్యూటరు మొదలయ్యేటప్పుడు కెర్నల్ ఒక్కో బ్రిడ్జి దాటి వెళ్లి అవతల ఎవరున్నారో చూసి, వరసగా నంబర్లు పంచుకుంటూ వస్తుంది. పెట్టెలోనూ ఒక బ్రిడ్జి ఉంటుంది, దానికీ నంబరు కావాలి. ఉన్నవాళ్లకే అన్నీ పంచేస్తే నడుమ వచ్చిన పెట్టెకు నంబరు మిగలదు. నంబరు లేకపోతే అది కళ్లెదుట ఉన్నా కెర్నల్‌కు లేనట్టే. పోనీ పాతవాళ్లను జరిపి చోటు చేద్దామా అంటే వాళ్లు పనిలో ఉన్నారు, కదిలిస్తే పని చెడుతుంది. కాబట్టి ఇంకా రాని పెట్టె కోసం ముందే నంబర్లు ఖాళీగా ఆపి ఉంచాలి.

ఇది నాకు కోదాడ బస్టాండులో తట్టింది. ఆయనా నేనూ మొదటి పెట్టెను మిర్యాలగూడ మిల్లుకు తీసుకుపోతున్నాం. బస్సు ఇంకా ఆగనేలేదు, బావ పరుగెత్తి కిటికీలోంచి రెండు సీట్ల మీదికి దస్తీ, అదే చేతిరుమాలు, విసిరాడు. అందరూ ఎక్కి కూర్చున్నా ఆ రెండు సీట్లను ఎవరూ ముట్టుకోలేదు. చివరికి ఒక సీట్లో బావ, ఒక సీట్లో పెట్టె. నేను నిలబడ్డాను. "నువ్వు నిలబడగలవు బావా, అది నిలబడలేదు" అన్నాడు. మిర్యాలగూడ దాకా నిలబడి నేను ఆ దస్తీ గురించే ఆలోచించాను.

నంబర్లు ఖాళీగా ఆపే ఆ భాగానికి కోడులో దస్తీ అనే పేరు పెట్టాను. హైదరాబాదు ఆఫీసు నుంచి ఒకాయన ఫోన్ చేసి, "సార్, ఈ డి ఏ ఎస్ టి ఐకి పూర్తి రూపం ఏంటి?" అని అడిగాడు. బావకు చెబితే ఆయన నవ్వు ఫోనులోంచి గదంతా వినిపించింది.

ఆ సీజనులో మొదటి పెట్టె బ్రహ్మాండంగా నడిచింది. దుమ్ముకో వేడికో ఒక కార్డు చచ్చిపోతే, మిషన్ ఆపకుండానే బావ దాన్ని పీకి కొత్తది పెట్టాడు. అది కాసేపట్లో కనబడింది, పని అందుకుంది. మిల్లు సేటు చూసి ముచ్చటపడ్డాడు. ఏరే మిషన్‌ను ఆపడమంటే మిల్లులో మాటలు కాదు. వెనక మర నుంచి ఉప్పుడు బియ్యం వస్తూనే ఉంటుంది, ఎక్కడికక్కడ నిండిపోతుంది, మళ్లీ అన్నీ సర్దుకునేసరికి పూటంతా పోతుంది. ఆ ఏడే షెడ్డు అవతలి కొసన సేటు బియ్యం ఏరే రెండో లైను వేశాడు. మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టి చెప్పాడు.

"రెండో లైనుకు గూడ మీ పెట్టే వెడ్త. గని మొదటిది నడుస్తుండగనే రెండోది గూడ గదే కంప్యూటర్‌కు కలవాలె. గిట్ల కలిస్తె నా చుట్టాల మిల్లులల్ల గూడ మీదే. కలవకుంటె నేను బయటి కంపెనీ మిషన్ తెప్పిచ్చుకుంట. మళ్ల మీరు ఫీలు గావొద్దు."

బావకు అది ఒక పెట్టె మాత్రమే కాదు. వర్క్‌షాపు నిలబడాలంటే ఆ రెండో పెట్టె నడవాలి. ఆ మాట ఆయన నాతో ఒక్కసారే అన్నాడు, అదీ నవ్వుతూ. "ఇది పోతే షట్టర్ దించెయ్యడమే బావా." నేనూ నవ్వాను.

అప్పుడు తెలంగాణ ఉద్యమం, బంద్‌ల కాలం. ఎప్పుడు బస్సులుంటాయో ఎప్పుడుండవో తెలిసేది కాదు. ఆయన కోదాడలో, నేను సూర్యాపేటలో, మా పనంతా ఫోను మీదే సాగింది. ఒక పొద్దున నేను అడిగాను.

"రెండో పెట్టె ఎట్ల వెడ్తవ్ బావా?"

"ఎలా ఏముంది, ఒకదాని వెనక ఒకటి పెడతాను."

"రెండూ నడుస్తుండగనేనా?"

"నడుస్తుండగానే. మొదటిది పెట్టి, దాని వెనక ఇది."

"మంచిది. దస్తీ ఏసి ఉంచుత."

"వెయ్యి బావా, పెద్ద దస్తీ వెయ్యి."

నా బల్ల మీద ఉన్న కంప్యూటరుకు రెండు సాకెట్లు. ఒక దాంట్లో మొదటి పెట్టె, దాని తర్వాత రెండో దాంట్లో రెండో పెట్టె. ఒకదాని వెనక ఒకటి. నాకు అర్థమైంది ఇదే. ఒక్కో సాకెట్ అవతల ఒక్కో పెట్టెకు సరిపడా నంబర్లు ఆపాను. నా దగ్గర పరీక్షకు ఒకటే పెట్టె ఉండేది. దాన్నే ఈ సాకెట్లోంచి తీసి ఆ సాకెట్లో పెట్టి, మళ్లీ తీసి, తనివితీరా చూసుకున్నాను. ప్రతిసారీ కనబడింది.

ఆ రోజు మిల్లుకు ఇద్దరం వేర్వేరు బస్సుల్లో వచ్చాం. బావ కొత్త చొక్కా వేసుకున్నాడు, దుకాణంలో పెట్టిన మడతలు ఇంకా పోలేదు. సేటు, ఆయన చుట్టాలు ముగ్గురో నలుగురో కుర్చీలేసుకున్నారు. హమాలీలు కూడా బస్తాలు దించి, కర్నల్ సారు ఏం చేస్తాడో చూద్దామని నిలబడ్డారు. మొదటి లైను నడుస్తోంది, బియ్యం వానలా జారుతోంది. నేను అద్దాల గదిలో కంప్యూటరు ముందు కూర్చున్నాను. బావ కేబులు చుట్ట విప్పాడు.

విప్పి కంప్యూటరు వైపు రాలేదు. షెడ్డులో ఉన్న మొదటి పెట్టె దగ్గరికి వెళ్లి, దాని వీపున ఉన్న సాకెట్లో కేబులు గుచ్చాడు. రెండో కొస రెండో పెట్టెలోకి పోయింది.

నేను లేచి బయటికి వచ్చాను. "బావా, గాడ గాదు. ఇటు, కంప్యూటర్‌కు వెట్టు."

ఆయన నా వైపు వింతగా చూశాడు. "కంప్యూటర్‌కి ఎలా అందుతుంది బావా? షెడ్డు ఆ కొసన ఉంది లైను. ఒకదాని వెనక ఒకటి అన్నాను కదా."

"ఒకదాని వెనక ఒకటంటే..." అన్నాను. ఆగిపోయాను.

అప్పుడు అర్థమైంది. ఆయనకు వెనక అంటే వీపు వెనక. నాకు వెనక అంటే తర్వాత. కంప్యూటరు బ్రిడ్జి అవతల మొదటి పెట్టె, ఆ పెట్టె బ్రిడ్జి అవతల మళ్లీ రెండో పెట్టె. ఒక పెట్టె లోపలి నుంచి ఇంకో పెట్టెకు దారి ఉంటుందని నేను అనుకోలేదు, అక్కడ దస్తీ వెయ్యలేదు. లోపలికి పోయి తెర చూశాను. కొత్తగా వచ్చిన బ్రిడ్జికి ఇవ్వడానికి నంబరు లేదని ఒకే ఒక్క వరస రాసి కెర్నల్ చేతులు దులుపుకుంది. రెండో పెట్టె మీద పచ్చ దీపం వెలుగుతోంది పాపం, అన్నీ సరిగ్గా ఉన్నట్టే.

ఇంగ్లీషులో అడిగి ఉంటే ఆ రెండు అర్థాలకూ రెండు మాటలున్నాయి. ఇద్దరికీ ఇంగ్లీషు వచ్చు. కానీ బావతో ఇంగ్లీషులో మాట్లాడటమేంటి? రోజుకు ఒక్క మనిషితో మాట్లాడేవాణ్ని, ఆ మాటలు కూడా ఆఫీసు మాటలు చేసుకుంటానా?

"సేటూ, ఒక్కసారి బంద్ జేసి మళ్ల చాలు జేస్తె కనవడ్తది" అన్నాను. అది నిజమే. మొదటి నుంచి మొదలుపెడితే కెర్నల్ అన్ని బ్రిడ్జిలూ దాటి రెండో పెట్టె దాకా వెళ్లి నంబరు ఇచ్చి వచ్చేది.

సేటు చెడ్డవాడు కాదు. టీ తెప్పించాడు. గ్లాసు నా చేతికిచ్చి నెమ్మదిగా అన్నాడు. "బంద్ జేస్తె మాకేం ఫాయిద సార్? బంద్ జెయ్యకుంట నడుస్తదనే గద మీరు జెప్పింది."

ఆయన చుట్టాలు కుర్చీలు మడిచారు. హమాలీలు బస్తాల దగ్గరికి వెళ్లిపోయారు. వారంలో సరిచేసి తెస్తామని బతిమాలాను. సీజను మీద ఉన్నాను సార్, బయటి మిషన్‌కు మాటిచ్చేస్తాను, మొదటిది మాత్రం నడిచినంత కాలం మీదే నడవనివ్వండి అన్నాడు సేటు.

బావ కేబులు చుట్టుకుని, పెట్టె ఒక పక్క ఎత్తి, "సార్, కొంచెం అటువైపు పట్టుకుంటారా?" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. "నీ కెర్నల్ తగలడ" అని ఉంటే నేనూ రెండు మాటలని, బస్టాండులో ఇద్దరం మిర్చీ బజ్జీలు తిని ఇళ్లకు పోయేవాళ్లం. సార్ అన్నాడు. అన్నేళ్ల బావ ఒక్క మాటలో పోయాడు. నేను పెట్టె రెండో పక్క పట్టుకున్నాను, అంతే.

మిర్యాలగూడ బస్టాండులో కోదాడ బస్సు ముందు వచ్చింది. బావ అలవాటు కొద్దీ పరుగెత్తి కిటికీలోంచి దస్తీ విసిరాడు. నేను పెట్టె అందించాను. దాన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టుకుని, "ఉంటాను సార్" అన్నాడు. బస్సు కదిలాక కూడా నేను అక్కడే నిలబడ్డాను. సూర్యాపేట బస్సు వచ్చి పోయింది, ఎక్కలేదు. తర్వాతి బస్సులో వెళ్లాను.

మర్నాడు పొద్దున టీ పెట్టాను. ఫోను రాలేదు. ఆ తర్వాతా రాలేదు. నేను చేస్తే మోగి మోగి ఆగిపోయేది. చేసే పని లేక కోడు తెరిచాను. బ్రిడ్జి వెనక బ్రిడ్జి, దాని వెనక ఇంకో బ్రిడ్జి, ఎంత లోపల పెట్టె వచ్చి చేరినా నంబరు దొరికేట్టు ప్రతి చోటా దస్తీ వేసుకుంటూ పోయాను. తెలిసినవాళ్ల దగ్గర ఇలాంటివే వేరే కంపెనీ పెట్టెలు రెండు తెచ్చి ఒకదాని వీపుకు ఒకటి తగిలించి చూశాను. అన్నీ కనబడ్డాయి. నా ఉద్యోగంలో అంత చక్కని పని మళ్లీ చెయ్యలేదు. చూడటానికి గదిలో నేను ఒక్కణ్నే ఉన్నాను.

బస్సులు నడుస్తున్న ఒక రోజు చూసుకుని కోదాడ వెళ్లాను. వర్క్‌షాపు ఉన్న చోట సెల్‌ఫోన్ల దుకాణం వెలిసింది. గల్లా దగ్గరున్నాయన్ని అడిగితే, "ఆయనా? ఖాళీ చేసేశారండీ. బెజవాడలో ఏదో కంపెనీలో కుదిరారన్నారు. నంబరు కూడా మార్చేశారు" అన్నాడు. కోదాడ నుంచి బెజవాడ ఏమంత దూరం కాదు. పోలేదు. ఏమని పోవాలి? బావా, ఇప్పుడు కనబడుతోంది అని చెప్పడానికా?

కొత్త కోడును మిల్లులో ఉన్న మొదటి మిషన్‌లో వేశాను. "ఒకటే పెట్టె గద సార్, గదంత ఎందుకు?" అన్నాడు సేటు. ఉండనీ సేటూ అన్నాను.

పిల్లలూ, మీకు నేను చెప్పగలిగేది పెద్దగా ఏమీ లేదు. దగ్గరివాడితో పనిచేసేటప్పుడు మాట సగంలోనే అర్థమైపోతుంది చూశారా, ఆ తీపి వేరు. నేను దాన్ని వదులుకోమని చెప్పను. వెనక అంటే ఎటు బావా అని ఒక్క మాట మాత్రం అడగండి.

రిటైరయ్యే ముందు, 2014లో, ఆఖరుసారి ఆ మిల్లుకు వెళ్లాను. ట్రాన్స్‌ఫార్మర్ మారుస్తున్నారని కరెంటు తీశారు. వచ్చాక కంప్యూటరు మొదటి నుంచి మొదలైంది. తెర మీద వరసలు పరుగెత్తాయి. కెర్నల్ ఒక్కో బ్రిడ్జి దాటి వెళుతోంది, ఉన్నవాళ్లకు నంబర్లు ఇస్తోంది, మొదటి పెట్టె వీపు దగ్గర ఆగి బోలెడన్ని నంబర్లు ఖాళీగా వదులుతోంది. మిషన్ చూసుకునే ఆపరేటరు, నాకంటే కొంచెం చిన్నవాడు, తెర మీద వేలు పెట్టాడు.

"సార్, ఎన్నేండ్ల సంది సూస్తున్న. గీడ గిన్ని నంబర్లు ఖాళీగ వెడ్తది. ఎవలికోసం?"

"దస్తీ ఏసి ఉంచినం" అన్నాను. "ఎనక ఒకాయన వస్తున్నడు."

ఆయన నిజంగానే తల తిప్పి గేటు వైపు చూశాడు. నేనూ చూశాను.

సాయంత్రం సూర్యాపేట బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆలోచనలో ఉండి సంచి పక్క సీట్లో పెట్టాను. బస్సు నిండింది. చంకలో మూట ఉన్న ఒకామె వచ్చి నిలబడింది.

"గీడ ఎవలన్న ఉన్నరా అన్నా?"

సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాను. "ఎవరు లేరమ్మా. కూసో."